అందులోనే కానివ్వండి తాతయ్యా

మా గది తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. నా మంచం మీంచి చూస్తే వరండా చివర బాత్రూం తలుపు కనిపిస్తుంది. వచ్చిన చిక్కల్లా అదే. కనిపించకపోతే ఆశ కూడా ఉండేది కాదు. మధ్యలో గోడకి ఆనించిన నీళ్ళ ఫిల్టరు, పట్టుకోవడానికి బిగించిన స్టీలు కడ్డీ. పక్కన ఒక మనిషి చెయ్యి ఉంటే నేను అక్కడిదాకా నడుస్తాను. చెయ్యి లేకుండా ఒకసారి బయల్దేరి ఫిల్టరు దగ్గర బోర్లా పడ్డాను. ఎముకలకేం కాలేదు, పరువే పోయింది. అప్పట్నుంచి నాకో నియమం పెట్టారు. గంట నొక్కాలి, మనిషి రావాలి, అప్పుడే కాళ్ళు కింద పెట్టాలి.

నేను బస్సు డ్రైవర్ని. రిటైరై చాలా కాలమైనా అలా చెప్పుకోవడమే నాకిష్టం. నా రూట్లో స్టాపులు ఇప్పుడడిగినా తడుముకోకుండా చెప్తాను. కోర్టు, పాత ఆస్పత్రి, మార్కెట్ మలుపు, పిండిమర, రైల్వే గేటు, గడియారం సెంటరు. కావాలంటే వెనకనుంచి కూడా చెప్తాను. ఈ వృద్ధుల హోంలో చాలామందికి పొద్దున తిన్నదేమిటో సాయంత్రానికి తెలియదు. నాకు తెలుసు. కాళ్ళు మోసం చేశాయి గానీ బుర్ర చెయ్యలేదని వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ బుర్రే నన్ను కూర్చోనివ్వడం లేదు.

నన్నిక్కడ చేర్చింది నా కూతురు. స్కూలు వ్యాను నడుపుతుంది. డ్రైవింగులో నా పోలికే, కోపంలోనూ నా పోలికే. దాని ఇంటికి లిఫ్టు లేదు. నన్ను ఎక్కించీ దించీ దాని నడుము పట్టేసింది. ఇష్టపడే ఇక్కడికొచ్చానని అందరికీ చెప్తాను. నమ్మేవాళ్ళు నమ్ముతారు.

మా అంతస్తు మొత్తం పెద్దక్క చేతి మీద నడుస్తుంది. ఆమెకన్నా వయసులో ఎంతో పెద్దవాళ్ళమైన మేం కూడా ఆమెని పెద్దక్కా అనే పిలుస్తాం. నేను చేరిన కొత్తలో ఆమె కింద చాలామంది పనిచేసేవాళ్ళు. ఒకమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఒకతను కొరియర్ కంపెనీలో చేరాడు. మిగతావాళ్ళు చెప్పాపెట్టకుండా మానేశారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, మా దుప్పట్ల వాసన మాకే పడదు. కొత్తవాళ్ళని తీసుకుంటున్నాం అని ఆఫీసువాళ్ళు అంటూనే ఉన్నారు. పెద్దక్క మాత్రం మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని, ఒక చేత్తో ఒకరికి అన్నం పెడుతూ, రెండో చేత్తో ఇంకొకరి మూతి తుడుస్తూ, నోటితో మూడోవాళ్ళని కసురుతూ బండి లాగుతోంది. పనిమంతురాలు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి. తర్వాత చెప్తే ఆమెని వెనకేసుకొస్తున్నాననుకుంటారు, ఆ పని నేను ఇప్పటికే ఒకసారి చేశాను.

రాత్రిపూట డైపరు వెయ్యడం మొదట్నుంచీ ఉంది. దాంతో నాకు పేచీ లేదు. పొద్దున్నే తీసేసి లుంగీ కట్టేవాళ్ళు. ఒకరోజు తియ్యడానికి మనిషి లేక మధ్యాహ్నం దాకా అలాగే ఉండిపోయింది. భోజనాల వేళ గంట నొక్కాను. పెద్దక్క హెడ్మాస్టరు గారికి అన్నం పెడుతోంది. ఆయనది నా పక్క మంచం. పక్షవాతంతో మాట పడిపోయింది, మింగడం కష్టం, కాస్త తొందరపెడితే పొలమారుతుంది. ఆయన్ని నోట్లో ముద్దతో వదిలేసి లేవడానికి లేదు. ఆమె నావైపు తిరక్కుండానే అంది.

"డ్రైవర్ గారూ, డైపరుంది కదా. అందులోనే కానివ్వండి. తర్వాత మారుస్తా."

ఆ గొంతులో కసురు కూడా లేదు. మంచినీళ్ళు అక్కడే ఉన్నాయి తాగండి అన్నట్టే అంది.

నేను బిగబట్టాను. డ్రైవరన్నవాడికి బిగబట్టడం కొత్త కాదు. ముద్ద తర్వాత ముద్ద హెడ్మాస్టరు నోట్లోకి వెళుతోంది, ఆయన నమిలి నమిలి మింగుతున్నాడు. చివరికి నావల్ల కాలేదు. వెచ్చగా మొదలై చల్లబడేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి హెడ్మాస్టరు నావైపే చూస్తున్నాడు. ఆయనకీ తెలిసిపోయిందని అర్థమై, గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ మొదటిసారికి సిగ్గుపడ్డాను సరే. అంతకన్నా సిగ్గుచేటు, తర్వాత అలవాటు పడిపోవడం. డైపరు పగలు కూడా ఉండిపోయింది. పెద్దక్కకి ఆ ఒక్క మాట చాలేది, తర్వాత్తర్వాత ఆ మాటా అక్కర్లేకపోయింది. నేనే గంట నొక్కడం మానేశాను. కాళ్ళు సన్నబడ్డాయి. కూతురు వచ్చినప్పుడు దుప్పటి నడుముదాకా లాక్కుని, అంతా బాగానే ఉందమ్మా అనేవాణ్ణి.

అలాంటి రోజుల్లో కొత్తమ్మాయి వచ్చింది. అంతకుముందు బట్టల షాపులో, జనం విప్పి పడేసిన బట్టలు మళ్ళీ మడతపెట్టే పని. కింద హాల్లో రబ్బరు మనిషి మీద శిక్షణ ఇచ్చారు. ఆ బొమ్మకి బాబాయి అని పేరు. బాబాయిని పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, చొక్కా తొడగడం. ఆ శిక్షణ అసలు చాలా రోజులు ఉండాలట. పైన మనుషులు లేరని సగంలో ఆపి, మిగతాది పెద్దక్క వెనకాల తిరిగి నేర్చుకో అని పంపించేశారు.

"బాబాయి చాలా మంచోడు తాతయ్యా," అంది మొదటిరోజే నాతో. "ఎటు తిప్పితే అటు తిరుగుతాడు. ఒక్కసారి కూడా బాత్రూం అడగలేదు."

"ఆయన కడుపులో స్పాంజి. నా కడుపులో టీ," అన్నాను.

ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూసి, ఎన్నాళ్ళకో మళ్ళీ నోరు తెరిచి బాత్రూం అడిగాను. వెంటనే నా చంక కింద చెయ్యి వేసింది. ఊడిపోతానేమో అన్నట్టు పట్టుకుంది. నా కాళ్ళు వణుకుతున్నాయి, తన చేతులు వణుకుతున్నాయి. ఇలా కాదని నేనొక ఏర్పాటు చేశాను. నేను డ్రైవర్ని, తను కండక్టరు. తను రైట్ రైట్ అంటే కదలాలి, హోల్డాన్ అంటే ఆగాలి. ఫిల్టరు దగ్గర ఒక స్టాపు, కిటికీ దగ్గర ఒక స్టాపు, బాత్రూం ఆఖరి స్టాపు.

"క్లాసులో ఒక్కటి మాత్రం బాగా చెప్పారు తాతయ్యా," అంది దారిలో. "మనిషిని నడిపించేటప్పుడు ఫోను మోగినా, ఎవరు కేకేసినా, ఆఖరికి ఆ మనిషే మనల్ని తిట్టినా సరే, చెయ్యి మాత్రం వదలకూడదంట."

తలుపు బయట నిలబడి, "తొందరేం లేదు, నిదానంగా రండి," అనేది. చాలా కాలానికి మనిషిలా ఒక గదిలో ఒక్కణ్ణీ కూర్చున్నాను. మీకది చాలా చిన్న విషయం అనిపించవచ్చు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కొన్నాళ్ళు మా బస్సు బాగానే నడిచింది. కాళ్ళకి కాస్త బలం వచ్చింది. అంతలో పై అంతస్తులో ఇంకొకరు మానేశారు. అక్కడి మంచాలు కూడా పెద్దక్క నెత్తినే పడ్డాయి. ఒక మధ్యాహ్నం మేమిద్దరం కిటికీ స్టాపులో నిలబడి ఉంటే ఆమె అన్నం గిన్నెతో ఎదురొచ్చింది.

"నువ్వు ఈయన్ని ఊరేగిస్తూ కూర్చుంటే అక్కడ అంతమందికి తిండెవరు పెడతారమ్మా?"

"బాత్రూం అడిగారక్కా."

"డైపరుందిగా. అందులోనే కానివ్వమని చెప్పు. నవ్వుతూ చెప్పు, ఏమీ అనుకోరు. నీకు చేతులెన్నున్నాయి?"

కొత్తమ్మాయి తల ఊపింది. నేర్చుకోమని పంపిన చోట నేర్చుకుంది. మర్నాటినుంచి, పని ఎక్కువున్నప్పుడు నవ్వుతూ ఆ మాట అనేది. పెద్దక్క అన్నప్పటికన్నా ఈ పిల్ల అన్నప్పుడు ఎక్కువ బాధేసేది. అయినా నేను ఒక్కనాడూ, ఇది తప్పమ్మా అనలేదు. అలిగి గోడవైపు తిరిగితే చాలనుకున్నాను.

ఒకరోజు నా కూతురు చెప్పకుండా పట్టపగలు వచ్చింది. దుప్పటి లాక్కునేలోపే చూసేసింది. ఆఫీసు గదిలో దాని గొంతు మా అంతస్తుదాకా వినపడింది. "మా నాన్న నడిచే మనిషి. పట్టపగలు డైపరెందుకేశారు?" ఆ గొడవ పైవాళ్ళదాకా వెళ్ళింది. ఇకనుంచి శిక్షణలో ఉన్నవాళ్ళు పనిచేస్తుంటే బయటినుంచి ఒక మేడం వచ్చి చూసి, పాస్ అయితేనే ఉంచాలని తేల్చారు. నా కూతురు గెలిచినట్టే అనుకుంది. నేను కూడా అలాగే అనుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే మా అంతస్తు మాకే గుర్తుపట్టరాకుండా తయారైంది. కర్టెన్లు ఉతికారు, దుప్పట్లు మార్చారు. కింద అంతస్తునుంచి మనుషుల్ని ఆ ఒక్క పూటకి అరువు తెచ్చారు. మేడం ముందు పెట్టడానికి పెద్దక్క నన్నే ఎంచింది. మాట్లాడతాను, కొత్తమ్మాయితో జత కుదిరింది, బుర్ర పనిచేస్తుంది. డైపరు తీసెయ్యమని చెప్పే ఉంటుంది, ఆ హడావుడిలో ఎవరికి చెప్పిందో వాళ్ళు మరిచిపోయారు.

మేడం కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. మంచి మనిషిలాగే ఉంది. కుర్చీ వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చుంది. కొత్తమ్మాయి పని మొదలుపెట్టింది. చేతులు కడుక్కుంది. కర్టెను లాగింది. నీళ్ళ వేడి మణికట్టు మీద చూసుకుంది. "తాతయ్యా, మొహం తుడవనా?" అని అడిగి మరీ తుడిచింది. చొక్కా తొడిగేటప్పుడు నొప్పిగా ఉన్న భుజం ముందు పోనిచ్చింది. మేడం తల ఊపుతూ రాసుకుంటోంది. నాకు నా మనవరాలే పరీక్ష రాస్తున్నట్టు గుండె దడదడలాడింది. ఆ కంగారులో పొద్దుట్నుంచి ఎవరు టీ ఇచ్చినా కాదనకుండా తాగాను.

ఆ టీ అడ్డం తిరిగింది.

"అమ్మా, బాత్రూం," అన్నాను.

ఆ క్షణంలో కొత్తమ్మాయి చేతిలో నీళ్ళ బేసిను ఉంది, భుజం మీద తువ్వాలు ఉంది. చేస్తున్న పని సగంలో వదిలితే తప్పేమో అని భయం. నావైపు వంగి, ఎంతో ఆప్యాయంగా, నవ్వుతూ అంది. "పర్లేదు, అందులోనే కానివ్వండి తాతయ్యా. ఇది అవ్వగానే మారుస్తాను."

మేడం చేతిలో పెన్ను ఆగింది.

"ఏమన్నావమ్మా?"

కొత్తమ్మాయి అదే మాట మళ్ళీ చెప్పింది. అది దాచాల్సిన మాట అని తనకి తెలిస్తేగా.

"ఆయన నడవగలరా?"

"నడుస్తారు మేడం. చెయ్యి పట్టుకుంటే చక్కగా నడుస్తారు."

"మరి అలా ఎందుకన్నావు?"

"పనుంటే అలాగే చెప్తాం మేడం."

"ఎవరు నేర్పారు?"

ఆ అమ్మాయి పెద్దక్కవైపు చూసింది. ఆ చూపులో ఫిర్యాదేం లేదు, పాఠం సరిగ్గానే అప్పజెప్పానా అని అడుగుతోంది. పెద్దక్క గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనెప్పుడూ అలా చెప్పలేదు మేడం," అంది.

అప్పుడు మేడం నావైపు తిరిగింది. "తాతగారూ, మీరు చెప్పండి. ఇంతకుముందు ఈవిడ గానీ, ఇంకెవరైనా గానీ మీతో అలా అన్నారా?"

అబద్ధం ఆడటానికి ఎంతోసేపు ఆలోచించాలని నేననుకునేవాణ్ణి. అక్కర్లేదు. లెక్కలన్నీ మనసు ముందే వేసి పెట్టుకుంటుంది. ఈ అమ్మాయి ఇవాళ ఉంటుంది, రేపు అందరిలాగే మానేస్తుంది. పెద్దక్క ఉంటుంది. నా ఒళ్ళు తుడిచేది పెద్దక్క. నా గంటకి రావాలన్నా మానాలన్నా పెద్దక్కే.

"లేదమ్మా," అన్నాను. "పెద్దక్క అలాంటి మనిషి కాదు. ఈ పిల్ల కొత్తది, తెలియక అంది."

"మీకు బాగా గుర్తుందా?"

"నాకు మరుపన్నది లేదమ్మా. కావాలంటే నా రూట్లో స్టాపులన్నీ చెప్పమంటారా?"

చెప్పమనకుండానే మొదలుపెట్టాను. కోర్టు, పాత ఆస్పత్రి, మార్కెట్ మలుపు. ఆ పేర్లు నోట్లో ఉండగానే కింద వెచ్చగా అయిపోయింది. నేను ఆపలేదు. పిండిమర, రైల్వే గేటు, గడియారం సెంటరు. మేడం బాగుందన్నట్టు తల ఊపింది. కొత్తమ్మాయి బేసిను పట్టుకుని, ఎక్కబోయే బస్సు కదిలిపోతే జనం చూసినట్టు నన్ను చూసింది. పక్క మంచం మీంచి హెడ్మాస్టరు కూడా చూస్తున్నాడు. మొదటిరోజునుంచీ ఆ మాటలన్నీ విన్న మనిషి ఆయనే. ఆయనకి నోరు లేదు. నోరున్నవాణ్ణి నేనున్నాను.

మేడం వెళ్ళాక పెద్దక్క వచ్చి నాకు డైపరు మార్చింది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"తప్పు చేశాం డ్రైవర్ గారూ," అంది గొంతు తగ్గించి.

చేశాం అనడం నాకు నచ్చలేదు. నన్నెందుకు కలుపుతావు అని అడగబోయాను. ఆమె భయపడి ఒక అబద్ధం ఆడింది, అంతే. నేను దానికి సాక్ష్యం కూడా చెప్పాను.

కొత్తమ్మాయి ఫెయిలైంది. ఆ సాయంత్రంనుంచే రావద్దన్నారు. కూతురు ఫోన్ చేసింది. "నాన్నా, ఆ పిల్ల వల్లేనటగా ఇదంతా? చూశావా, అడిగితేనే పనవుతుంది." ఊఁ అన్నాను. ఒకసారి ఆడిన అబద్ధాన్ని రెండోసారి ఆడటం ఇంకా తేలిక.

ఆ తర్వాత నాకు రాజభోగం మొదలైంది. నేను గంట నొక్కడం ఆలస్యం, పెద్దక్క ఎక్కడున్నా వచ్చేది. కుంటుకుంటూ వచ్చేది. డైపరు తీసేసి లుంగీ కట్టింది. చెయ్యి పట్టుకుని బాత్రూం దాకా నడిపించేది. దారిలో ఒక్క మాట ఉండేది కాదు, రైట్ రైట్ లేదు, హోల్డాన్ లేదు. నా కాళ్ళు రోజురోజుకీ బాగుపడ్డాయి. మా అంతస్తులో మాత్రం ఒక మనిషి తగ్గింది. నన్ను నడిపించే సమయం ఎవరిదో ఒకరిది కోసెయ్యాలి కదా. హెడ్మాస్టరు గంట మోగుతూనే ఉండేది. మేం ఆయన మంచం పక్కనుంచే వెళ్ళేవాళ్ళం. "సార్, డైపరుంది కదా, అందులోనే కానివ్వండి," అనేది పెద్దక్క నా చెయ్యి పట్టుకునే. నేను ఫిల్టరు వైపు చూస్తూ నడిచేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కొత్తమ్మాయి వచ్చింది. యూనిఫారం తిరిగి ఇచ్చెయ్యాలట, ఉతికి, ఇస్త్రీ చేసి, సంచీలో పెట్టుకుని తెచ్చింది. మడత చూస్తే షాపులోంచి తెచ్చినట్టే ఉంది. నేను నిద్ర నటిద్దామనుకునేలోపే వచ్చి మంచం పక్కన నిలబడింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

"తాతయ్యా, మీకు సారీ చెప్పి పోదామని వచ్చా."

"నాకెందుకమ్మా?"

"నడిచే మనిషితో అలా అనకూడదు కదా. మేడం చెప్పేదాకా నాకు తట్టనేలేదు. మా నాన్నతో ఎవరైనా అలా అంటే ఊరుకుంటానా? ఇంటికెళ్ళి చాలా ఏడ్చాను."

తను మళ్ళీ అంది.

"పెద్దక్క విషయం మీరు అలా చెప్పారని ముందు కాస్త కష్టంగా అనిపించింది తాతయ్యా. తర్వాత గుర్తొచ్చింది. క్లాసులో చెప్పారు, పెద్దవాళ్ళకి పాత సంగతులు బాగా గుర్తుంటాయి, నిన్నటివి గుర్తుండవని. మీకు స్టాపులన్నీ గుర్తున్నాయి, ఇదేమో మరిచిపోయారు. దాంట్లో మీ తప్పేం లేదు."

సగంలో ఆపేసిన శిక్షణలోంచి ఆ పిల్ల నాకోసం అది వెతికి తెచ్చింది. నేను తల ఊపితే చాలు. ముసలాడు, పాపం మరిచిపోయాడు. నా బుర్ర గురించి ఎన్ని గొప్పలు చెప్పుకున్నానో, వాటన్నిటినీ వదులుకుంటే బయటపడిపోతాను. తల ఊపాను. దేవుడి సాక్షిగా ఊపాను.

"బాత్రూంకి వెళ్ళారా?" అని అడిగింది. "నేను వెళ్ళేలోపు ఒక్క ట్రిప్పు వేద్దాం రండి."

లేచాను. చంక కింద చెయ్యి వేసింది. ఇప్పుడా చెయ్యి వణకడం లేదు. హెడ్మాస్టరు కళ్ళు నా వీపుమీద ఉన్నాయని చూడకుండానే తెలుసు.

"రైట్ రైట్," అంది. కదిలాం.

"ఇప్పుడేం చేస్తున్నావమ్మా?"

"ఇదే పని తాతయ్యా. వేరే హోంలో చేరాను. అక్కడ పరీక్షలూ గిరీక్షలూ ఏం లేవు. ఫెయిలయ్యానని ముందే చెప్పేశాను. మనిషి దొరకడమే గొప్ప, రేపట్నుంచి రామ్మా అన్నారు. బొమ్మ కూడా లేదక్కడ."

"అక్కడెవరైనా బాత్రూం అడిగితే ఏం చెప్తావు?"

"ఎంతమంది అడుగుతారో చూడాలి తాతయ్యా," అంది.

ఫిల్టరు దాటాం. కిటికీ దగ్గరికొచ్చాం. తను హోల్డాన్ అనలేదు, నేనే ఆగిపోయాను. నా కాళ్ళు చక్కగా ఉన్నాయి. మనసే ముందుకి కదలనంది. ఎవరి పుణ్యాన ఈ కాళ్ళు ఇంత చక్కగా ఉన్నాయో నాకు తెలుసు.

"అమ్మా, నాకు గుర్తుంది."

"ఏంటి తాతయ్యా?"

"పెద్దక్క అన్నది. నాతో అన్నదీ, నీకు ఇక్కడే ఈ కిటికీ దగ్గర నేర్పిందీ. మేడం అడిగినప్పుడు కూడా గుర్తుంది. తెలిసే చెప్పాను. ఇందాక తల ఊపాను చూడు, అదీ అబద్ధమే."

నా చంక కింద చెయ్యి బిగుసుకుంది. నేను తనవైపు చూడలేదు. కడ్డీ నా చేతికి అందేంత దగ్గర్లో లేదు. ఇప్పుడు గనక వదిలేస్తే ఉన్నచోటే కూలిపోతాను, వదిలేస్తే న్యాయమే అనుకున్నాను. తన ఊపిరి వినపడుతోంది. నా గదిలో హెడ్మాస్టరు గంట మోగుతోంది. పెద్దక్క ఎక్కడో, వస్తున్నా వస్తున్నా అంటోంది.

"ఆ మేడంకి ఫోన్ చేయించు," అన్నాను. "ఉన్నదున్నట్టు చెప్తాను. నిన్ను పాస్ చెయ్యమంటాను."

కిటికీ దగ్గర మేమలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. చెయ్యి మాత్రం వదల్లేదు. చివరికి ఒక్క మాట అంది.

"రైట్."

ఒక్కసారే అంది. ఎప్పుడూ రెండుసార్లు అనేది. నేను నడిచాను. బాత్రూం దాకా తీసుకెళ్ళి, లోపల కూర్చోబెట్టి, నా చేతిని అక్కడి గోడ కడ్డీ మీద పెట్టి, గట్టిగా పట్టుకున్నానో లేదో చూసి, తలుపు దగ్గరగా వేసి బయట నిలబడింది. ఆ మేడం చూడాల్సిందంతా ఇదే. చూడటానికి నేను తప్ప ఎవరూ లేరు.

నాకు రాలేదు. కూర్చున్నాను, బిగబట్టీ వదిలీ ప్రయత్నించాను, ఎంతకీ రాలేదు. మొహం చేతుల్లో దాచుకుందామంటే ఒక చెయ్యి కడ్డీ మీదే ఉండాలి. నా జన్మలో ఇంత సిగ్గుపడలేదు, తడిసిన ఏ రోజునా పడలేదు. నావల్ల ఇక్కడి పని పోయిన పిల్ల, నామీద మనసు విరిగిపోయిన పిల్ల, నాకోసం తలుపు బయట కాపలా కాస్తోంది.

"అమ్మా, నువ్వెళ్ళిపో," అన్నాను లోపల్నుంచి. "పెద్దక్క వస్తుందిలే."

"తొందరేం లేదు," అంది బయటినుంచి. తాతయ్యా అనలేదు. "నిదానంగా రండి."